ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్ రూపురేఖలు మార్చుకోవడం ఎలా?

"ప్యానెల్‌ను నల్లగా మార్చాను, ఇప్పుడు గడియారంలో అంకెలు కనబడటం లేదు." "పారదర్శకత స్లైడర్‌ను ఎంత లాగినా కదలడం లేదు." "ఏదో నొక్కాను, ప్యానెల్ మొత్తం మాయమైంది." లినక్స్‌లో వాడే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కు కొత్తగా వచ్చినవారు నన్ను అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి ఈ మూడే. ఒక్కొక్కరికీ విడివిడిగా సమాధానం చెప్పే బదులు, మొదటి నుంచి చివరి వరకు ఒకే చోట వరుసగా రాస్తే మేలనిపించింది.

ప్యానెల్ అంటే మెనూ, గడియారం, తెరిచిన విండోల మీటలు ఉండే పట్టీ. ముందుగా ఒక్క విషయం గుర్తుంచుకోండి. ప్యానెల్ రూపాన్ని నిర్ణయించే సెట్టింగులన్నీ ఒకే చోట ఉండవు. ఎత్తు, పొడవు, నేపథ్యం రంగు, వస్తువుల వరుస అనేవి ప్యానెల్ సొంత సెట్టింగులలో ఉంటాయి. దాని మీది అక్షరాల రంగు, ఐకాన్ల బొమ్మలు డెస్క్‌టాప్ థీమ్ నుంచి వస్తాయి. పారదర్శకత పనిచేయడం, పనిచేయకపోవడం, విండోల అంచులను, కదలికలను చూసుకునే విండో మేనేజర్ చేతిలో ఉంటుంది. పైన చెప్పిన మొదటి రెండు ఇబ్బందులూ, ఒక చోట మార్చవలసినదాన్ని మరో చోట వెతకడం వల్ల వచ్చినవే.

ఇక్కడ చెప్పినవన్నీ ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.16, 4.18, 4.20 వెర్షన్లకు వర్తిస్తాయి. జుబుంటు 24.04, లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వాడుతున్నవారికి 4.18 ఉంటుంది, డెబియన్ 13 వాడుతున్నవారికి 4.20 ఉంటుంది. మీ దగ్గర ఉన్నది ఏదో తెలియకపోతే మెనూలో 'అబౌట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ' అని వెతికి తెరిచి చూడండి. 4.20లో వేలాండ్ (విండోలను తెర మీద చూపే కొత్త పద్ధతి) మద్దతు ఇంకా ప్రయోగదశలోనే ఉంది కనుక, లాగిన్ తెరపై వేలాండ్ సెషన్‌ను కాకుండా మామూలు ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్‌నే ఎంచుకున్నారని అనుకుని రాస్తున్నాను.

కావలసినవి

ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉన్న కంప్యూటర్, మౌస్, అరగంట సమయం. వీటికి తోడు 'ప్యానెల్ ప్రొఫైల్స్' అనే చిన్న అప్లికేషన్ ఉండాలి. జుబుంటులో ఇది ముందే ఉంటుంది. మిగతావాటిలో లేకపోతే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనో సినాప్టిక్‌లోనో ఈ పేరుతోనే వెతికి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. గడియారంలో తెలుగు కావాలనుకునేవారు నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు వంటి ఫాంటు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. ఈ పనిలో ఎక్కడా రూట్ (నిర్వాహకుని) పాస్‌వర్డ్‌తో అవసరం రాదు, ఏదైనా ఇన్‌స్టాల్ చేయవలసి వస్తే తప్ప. ప్యానెల్ రంగు మార్చడానికి సుడో (రూట్ అధికారంతో పని చేయించే ఆదేశం) వాడమని ఎవరైనా చెబితే ఆ సలహాను అక్కడే వదిలేయండి.

1. ఉన్నదాన్ని ముందు భద్రపరచండి

ఈ మెట్టును దాటవేసినవారే తరువాత ఎక్కువగా బాధపడతారు. 'ప్యానెల్ ప్రొఫైల్స్' తెరిచి, ప్రస్తుత అమరికను సూచించే వరుసను ఎంచుకుని, సేవ్ గుర్తు నొక్కి, 'పాతది' అనో ఆనాటి తేదీయో పేరుగా ఇవ్వండి. మీ ప్యానెళ్లు, వాటిలోని వస్తువులు, లాంచర్లు (అప్లికేషన్లను తెరిచే మీటలు) అన్నీ కలిసి ఒక మూటగా నిల్వ అవుతాయి. ఎప్పుడైనా వెనక్కి రావాలంటే ఆ పేరును ఎంచుకుని 'అప్లై' నొక్కితే చాలు. అందులో ముందే ఉంచిన కొన్ని అమరికలు కూడా కనబడతాయి. అయితే భద్రపరచక ముందు సరదాకి వాటిని వేసి చూడకండి.

ఈ అప్లికేషన్ అందుబాటులో లేనివారికి ప్రత్యామ్నాయం ఉంది. ఫైళ్లను చూపే థునార్‌లో హోమ్ ఫోల్డర్ తెరిచి, కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లు కనబడతాయి. వాటిలో చుక్కతో మొదలయ్యే 'కాన్ఫిగ్' అనే ఫోల్డర్ ఉంటుంది. దాని లోపల 'ఎక్స్‌ఎఫ్‌సీఈ4' అనే ఫోల్డర్ ఉంటుంది; దాన్ని మొత్తంగా కాపీ చేసి వేరే చోట ఉంచండి. అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. సెట్టింగులను చూసుకునే ప్రోగ్రామ్ మీరు లాగిన్ అయి ఉన్నంతసేపూ వాటిని మెమరీలో ఉంచుకుంటుంది కనుక, డెస్క్‌టాప్ నడుస్తుండగా పాత ఫైళ్లను తెచ్చి పెట్టినా అది వాటిపై తన దగ్గర ఉన్నవాటినే మళ్లీ రాసేస్తుంది. పాత ఫోల్డర్‌ను తిరిగి పెట్టాలంటే డెస్క్‌టాప్ నుంచి లాగౌట్ అయి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి వచ్చే నల్లటి తెరలో లాగిన్ అయి పెట్టాలి.

2. సరైన ప్యానెల్‌ను ఎంచుకోండి

ప్యానెల్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, 'ప్యానెల్', ఆపై 'ప్యానెల్ ప్రిఫరెన్సెస్' నొక్కండి. ఖాళీ చోటు దొరకకపోతే సెట్టింగ్స్ మేనేజర్‌లో 'ప్యానెల్' నొక్కినా ఇదే విండో వస్తుంది. పైభాగంలో 'ప్యానెల్ 1' అని ఉన్న జాబితా ఉంటుంది. మీకు రెండు ప్యానెళ్లు ఉంటే అక్కడ ఏది ఎంపికై ఉందో చూసుకోండి; ఎంపికైన ప్యానెల్ చుట్టూ కదులుతున్న చుక్కల గీత కనబడుతుంది. పైది మారుస్తున్నాననుకుని కిందిదాన్ని మార్చినవారిని చాలామందిని చూశాను. జాబితా పక్కనే ఉన్న కూడిక గుర్తు కొత్త ప్యానెల్‌ను చేరుస్తుంది, తీసివేత గుర్తు ఎంపికైన ప్యానెల్‌ను తొలగిస్తుంది.

ఈ విండోలో 'ఓకే' గానీ 'అప్లై' గానీ ఉండవు. చేసిన మార్పు చేసిన క్షణంలోనే అమలవుతుంది, వెనక్కి తీసుకునే మీట కూడా లేదు. అందుకే ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చే ముందు అక్కడ ఉన్న అంకెను కాగితం మీద రాసుకోండి.

3. స్థానం, ఎత్తు, పొడవు

'డిస్‌ప్లే' ట్యాబ్‌లో 'మోడ్' దగ్గర మూడు ఎంపికలు ఉంటాయి. అడ్డంగా, నిలువుగా అనేవి అందరికీ అర్థమవుతాయి. 'డెస్క్‌బార్' అనేది కూడా నిలువు ప్యానెలే గానీ అందులో అక్షరాలు పక్కకు వాలిపోకుండా మామూలుగా అడ్డంగానే ఉంటాయి. వెడల్పైన తెర ఉండి, ప్యానెల్‌ను ఎడమ పక్కన పెట్టుకోవాలనుకునేవారికి నా సలహా డెస్క్‌బారే.

ప్యానెల్‌ను మరో అంచుకు జరపాలంటే 'లాక్ ప్యానెల్' దగ్గర ఉన్న టిక్కు తీసేయాలి. అప్పుడు ప్యానెల్ రెండు చివర్లా చిన్న పిడులు కనబడతాయి, వాటిని పట్టుకుని లాగవచ్చు. జరిపిన తరువాత మళ్లీ టిక్కు పెట్టడం మరువకండి, లేకపోతే ఏదో ఒక రోజు మౌస్ జారి ప్యానెల్ తెర మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది.

'రో సైజ్' అనేది ఒక్క వరుస ఎత్తు, 'నంబర్ ఆఫ్ రోస్' అనేది వరుసల సంఖ్య. ప్యానెల్ అసలు ఎత్తు ఈ రెండింటి లబ్ధం. 48 పిక్సెళ్ల ప్యానెల్ ఉన్నవారు వరుసలను రెండు చేస్తే అది 96 అయి చిన్న ల్యాప్‌టాప్ తెరలో మంచి భాగాన్ని మింగేస్తుంది. రెండు వరుసలు కావాలంటే ముందు రో సైజును 24కు తగ్గించి తరువాత వరుసల సంఖ్య పెంచండి. సాధారణ ల్యాప్‌టాప్‌కు ఒకే వరుస, 28 నుంచి 36 పిక్సెళ్ల మధ్య ఎత్తు సరిపోతుందని నా అభిప్రాయం. తెలుగు అక్షరాలు వాడేవారికి ఈ లెక్క కొంచెం మారుతుంది, గడియారం దగ్గర చెబుతాను.

ఇదే ట్యాబ్‌లో 'డోంట్ రిజర్వ్ స్పేస్ ఆన్ బోర్డర్స్' అనే ఎంపిక ఉంది. దానికి టిక్కు పెడితే పూర్తిగా పెద్దది చేసిన విండోలు ప్యానెల్ కిందికి వెళతాయి. ప్యానెల్ పైన ఉంటే విండో టైటిల్ బారు, దానితో పాటు మూసే గుర్తు కూడా ప్యానెల్ చాటుకు పోతాయి. "విండో మూయడానికి గుర్తు కనిపించడం లేదు" అనేవారు మొదట చూడవలసింది ఇదే.

ప్రొజెక్టర్‌నో రెండో మానిటర్‌నో తగిలించినప్పుడు ప్యానెల్ అటు దూకుతుంటే 'అవుట్‌పుట్' దగ్గర 'ప్రైమరీ' ఎంచుకుని, డిస్‌ప్లే సెట్టింగులలో మీ ల్యాప్‌టాప్ తెరను ప్రైమరీగా గుర్తించండి.

4. నేపథ్యం రంగు, దానితో పాటు అక్షరాల రంగు

'అప్పియరెన్స్' ట్యాబ్‌లో 'బ్యాక్‌గ్రౌండ్' కింద 'స్టైల్' ఉంటుంది. సిస్టమ్ శైలి, ఒకే రంగు, చిత్రం అని మూడు ఎంపికలు. చిత్రం గురించి ఒక్క మాటతో సరిపెడతాను: మీరు ఇచ్చిన చిత్రం ప్యానెల్ పొడవుకు సాగదు, అది మళ్లీ మళ్లీ పక్కపక్కన పరచుకుంటుంది. కుటుంబ ఫోటోనో ప్రకృతి దృశ్యమో పెడితే వికారంగా ఉంటుంది, చిన్న నేత నమూనా వంటిది పెడితే బాగుంటుంది.

ఎక్కువమంది ఎంచుకునేది ఒకే రంగు. 'సాలిడ్ కలర్' ఎంచుకుని పక్కన ఉన్న రంగు పెట్టెను నొక్కితే రంగుల విండో వస్తుంది. ముదురు నీలమో, బూడిదో, నలుపో ఎంచుకుంటారు. ప్యానెల్ వెంటనే నల్లబడుతుంది. మొదట్లో చెప్పిన గడియారం చిక్కు సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది: మీరు మార్చినది నేపథ్యాన్ని మాత్రమే, అక్షరాల రంగు ఇంకా థీమ్ చేతిలోనే ఉంది. థీమ్ లేతరంగుదైతే అది అక్షరాలకు ముదురు రంగు ఇస్తుంది. నల్లటి పలక మీద బొగ్గుతో రాసినట్టు అవుతుంది.

దీనికి పరిష్కారాలను ఈ వరుసలోనే ప్రయత్నించండి. మొదట అదే ట్యాబ్‌లో ఉన్న 'డార్క్ మోడ్'కు టిక్కు పెట్టండి. ఇది మిగతా డెస్క్‌టాప్‌ను ముట్టుకోకుండా, ప్యానెల్‌కు మాత్రం మీ థీమ్‌లోని ముదురు రూపాన్ని వర్తింపజేస్తుంది. అక్షరాలు, ఒకే రంగులో గీసిన గీతల ఐకాన్లు తెల్లబడతాయి. అద్వైత వంటి థీమ్‌లలో ఇది చక్కగా పనిచేస్తుంది. టిక్కు పెట్టినా ఏమీ మారకపోతే మీ థీమ్‌లో ముదురు రూపం లేదని అర్థం. అప్పుడు సెట్టింగ్స్ మేనేజర్‌లోని 'అప్పియరెన్స్' తెరిచి, 'స్టైల్' ట్యాబ్‌లో పేరు చివర 'డార్క్' అని ఉన్న థీమ్ ఒకటి ఎంచుకోండి. అయితే దానితో అన్ని విండోలూ నల్లబడతాయి. అది ఇష్టం లేనివారికి మూడో దారి, ప్యానెల్‌నే లేతరంగులో ఉంచుకోవడం. నిజానికి ప్యానెల్ కోసం థీమ్ మార్చడం కంటే, థీమ్‌కు తగిన రంగును ప్యానెల్‌కు ఇవ్వడమే తెలివైన పని.

సీఎస్‌ఎస్ (రంగులు, రూపం వివరించే కోడ్) ఫైలు రాసి అక్షరాల రంగును సూటిగా మార్చే పద్ధతి కూడా ఉంది. తెలిసినవారు చేసుకోవచ్చు గానీ, అందులో ఒక్క కుండలీకరణం తప్పిపోయినా దాని ప్రభావం ఇతర అప్లికేషన్ల మీద కూడా పడవచ్చు కనుక మొదటిసారి చేసేవారికి నేను దాన్ని సూచించను. పాత వ్యాసాలలో కనబడే జీటీకే-2 (విండోలు, మీటలు గీసే పాత లైబ్రరీ) ఫైలు చిట్కాలను మాత్రం అసలే ప్రయత్నించకండి. 2019 ఆగస్టులో వచ్చిన 4.14తో డెస్క్‌టాప్ జీటీకే-3కి మారిపోయింది, ఆ చిట్కాలకు ప్యానెల్ ఇప్పుడు స్పందించదు.

ఫలితాన్ని సరిచూడటానికి, గదిలో దీపం వెలిగించి, తెర వెలుతురు సగానికి తగ్గించి, ఒక మూర దూరం జరిగి గడియారం చదవండి. చదవడానికి కళ్లు చికిలించవలసి వస్తే రంగు ఇంకా కుదరలేదు.

5. పారదర్శకత

ఇది రెండు రకాలు, వీటిని కలగాపులగం చేయకూడదు.

మొదటిది నేపథ్యం ఒక్కటే పారదర్శకంగా మారి, ఐకాన్లు, అక్షరాలు చెక్కుచెదరకుండా ఉండటం. మీలో చాలామందికి కావలసింది ఇదే. దీనికి 'సాలిడ్ కలర్' పక్కన ఉన్న రంగు పెట్టెను నొక్కి, వచ్చిన విండోలో కూడిక గుర్తును నొక్కండి. రంగుల చదరం కింద అడ్డంగా మరో స్లైడర్ కనబడుతుంది. అదే పారదర్శకతది, దాన్ని ఎడమకు జరిపేకొద్దీ నేపథ్యం పలచబడుతుంది. ఎంచుకున్నాక 'సెలెక్ట్' నొక్కడం మరిచిపోవద్దు, ఇక్కడ మాత్రం అది ఉంది.

రెండోది 'ఒపాసిటీ' కింద ఉండే 'ఎంటర్', 'లీవ్' అనే రెండు స్లైడర్లు. మౌస్ ప్యానెల్ మీద ఉన్నప్పుడు ఎంత గాఢంగా కనబడాలో మొదటిది, మౌస్ పక్కకు వెళ్లాక ఎంత ఉండాలో రెండోది నిర్ణయిస్తాయి. ఇవి మొత్తం ప్యానెల్‌ను, అంటే ఐకాన్లను, అక్షరాలను కూడా పలచన చేస్తాయి. 'లీవ్'ను 40కి తగ్గించి, గడియారం మసకబారిందని వాపోయేవారు వాడవలసింది మొదటి పద్ధతిని.

ఈ స్లైడర్లు బూడిదరంగులో ఉండి కదలకపోతే కంపోజిటింగ్, అంటే విండోలను పారదర్శకంగా కలిపి చూపే సదుపాయం, ఆపి ఉందన్నమాట. సెట్టింగ్స్ మేనేజర్‌లో 'విండో మేనేజర్ ట్వీక్స్' తెరిచి, చివర ఉన్న 'కంపోజిటర్' ట్యాబ్‌లో 'ఎనేబుల్ డిస్‌ప్లే కంపోజిటింగ్'కు టిక్కు పెట్టండి. వెంటనే స్లైడర్లు కదులుతాయి. మీ కంప్యూటర్ పాతదై, కంపోజిటింగ్ పెట్టాక విండోలు జరిపేటప్పుడు నత్తనడక నడుస్తుంటే దాన్ని మళ్లీ తీసేసి, పారదర్శకత ఆశ వదులుకుని, వాల్‌పేపర్ పై అంచు రంగుకు దగ్గరగా ఉండే రంగును ప్యానెల్‌కు ఇవ్వండి. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

పారదర్శక ప్యానెల్‌ను ఖాళీ డెస్క్‌టాప్ మీద చూసి మురిసిపోతే సరిపోదు. వాల్‌పేపర్ మారినప్పుడు ఏమవుతుందో చూడాలి. తెల్లటి మబ్బుల చిత్రం ఒకటి, చీకటి చిత్రం ఒకటి పెట్టి, రెండింటిలోనూ అక్షరాలు చదవగలిగితేనే ఆ పారదర్శకతను ఉంచుకోండి.

6. ఐకాన్లు

'అప్పియరెన్స్' ట్యాబ్‌లోనే 'ఐకాన్స్' కింద పరిమాణం తనంతట తాను సర్దుకునే ఎంపిక ఉంటుంది. ఐకాన్లు మసకగా కనబడితే ఆ టిక్కు తీసేసి 16, 24, 32, 48లలో ఒకటి ఇవ్వండి, ఎందుకంటే ఐకాన్ థీమ్‌లలో బొమ్మలు సాధారణంగా ఈ కొలతలకే శ్రద్ధగా గీసి ఉంటాయి. 27 వంటి కొలత ఇస్తే అంచులు అలుక్కుపోయినట్టు వస్తాయి. బొమ్మలే మార్చాలంటే మళ్లీ సెట్టింగ్స్ మేనేజర్‌లోని 'అప్పియరెన్స్'కు వెళ్లి 'ఐకాన్స్' ట్యాబ్ చూడాలి. నెట్‌వర్క్, బ్యాటరీ గుర్తులు ఉండే స్టేటస్ ట్రేకు వేరుగా తన సొంత ఐకాన్ కొలత ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్' తెరిస్తే దొరుకుతుంది.

7. వస్తువుల అమరిక

'ఐటమ్స్' ట్యాబ్‌లో ప్యానెల్ మీద ఉన్నవన్నీ పై నుంచి కిందికి జాబితాగా ఉంటాయి. జాబితాలో పైన ఉన్నది ప్యానెల్‌లో ఎడమ పక్కన ఉంటుంది. బాణాలతో జరపండి, కూడిక గుర్తుతో చేర్చండి.

ఎక్కువగా అడిగేది: "గడియారం మధ్యలో పెట్టడం ఎలా?" దీనికి ప్రత్యేక సెట్టింగు ఏదీ లేదు, సెపరేటర్లతోనే, అంటే వస్తువుల మధ్య ఎడం ఉంచేవాటితోనే, పని జరుగుతుంది. గడియారానికి ముందు ఒక సెపరేటర్, తరువాత ఒక సెపరేటర్ చేర్చండి. ఒక్కొక్కదానిపై రెండుసార్లు క్లిక్ చేసి, స్టైల్ 'ట్రాన్స్‌పరెంట్' ఎంచుకుని, 'ఎక్స్‌పాండ్'కు టిక్కు పెట్టండి. మిగిలిన ఖాళీని ఆ రెండూ పంచుకుంటాయి, గడియారం మధ్యకు వస్తుంది.

అయితే సరిగ్గా నడిమధ్యకు రాదు, దీని గురించి కూడా తరచుగా అడుగుతారు. సెపరేటర్లు సమానంగా పంచుకునేది మిగిలిన ఖాళీని, తెర వెడల్పును కాదు. 1366 పిక్సెళ్ల తెరలో ఎడమ పక్కన మెనూ, లాంచర్లు కలిసి 200, కుడి పక్కన ట్రే 100, గడియారం 66 తీసుకున్నాయనుకుందాం. మిగిలిన 1000లో చెరి 500 పంచుకుంటాయి. గడియారం నడిబొడ్డు 733 దగ్గర పడుతుంది, తెర నడిబొడ్డు 683. అంటే 50 పిక్సెళ్లు కుడికి జరిగినట్టు. దీన్ని సరిచేయాలంటే రెండు పక్కలా ఉన్న వస్తువుల వెడల్పు దగ్గర దగ్గరగా ఉండేట్టు ఒకటి రెండు లాంచర్లను అటు మార్చండి. అంతకన్నా కచ్చితంగా కావాలనుకునేవారు గడియారం కోసమే చిన్న ప్యానెల్ మరొకటి చేర్చి, దాని పొడవును కనిష్ఠంగా ఉంచి, పై అంచు మధ్యలో నిలపవచ్చు. నాకైతే అంత శ్రమ అనవసరం అనిపిస్తుంది.

మరో హెచ్చరిక. విండోల మీటలు ఉన్న ప్యానెల్‌లోనే గడియారాన్ని మధ్యకు తెస్తే, నాలుగైదు విండోలు తెరవగానే అది పక్కకు జరుగుతుంది. అలాంటప్పుడు విండో బటన్ల ప్రాపర్టీస్‌లో పేర్లు చూపించే ఎంపిక తీసేసి ఐకాన్లు మాత్రమే ఉంచుకుంటే జరుగుడు చాలా తగ్గుతుంది.

8. గడియారం, అందులో తెలుగు

గడియారంపై రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్' తెరవండి. 'లేఅవుట్' దగ్గర 'డిజిటల్' ఎంచుకుంటే తేదీ, సమయం రూపాలను మార్చవచ్చు, 4.18 నుంచి ఈ రెండింటికీ వేర్వేరు ఫాంట్లు కూడా ఇవ్వవచ్చు. ఫార్మాట్ జాబితా చివర 'కస్టమ్ ఫార్మాట్' ఉంటుంది. అక్కడ శాతం గుర్తు పెట్టి వెంటనే ఇంగ్లీషు అక్షరం ఒకటి రాయాలి. చిన్న 'డి' రాస్తే తేదీ, పెద్ద 'బి' రాస్తే నెల పూర్తి పేరు, పెద్ద 'ఎ' రాస్తే వారం పూర్తి పేరు, పెద్ద 'ఐ' రాస్తే 12 గంటల లెక్కలో గంట, పెద్ద 'ఎం' రాస్తే నిమిషాలు వస్తాయి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు పెద్ద 'ఎం'కు బదులు చిన్న 'ఎం' రాయడం. చిన్న 'ఎం' అంటే నెల అంకె. గడియారం రోజంతా ఎనిమిది నిమిషాల దగ్గరే ఆగిపోయి ఉంటే, బహుశా మీరున్నది ఆగస్టులో.

మీ సెషన్ భాష తెలుగు అయితే వారం, నెల పేర్లు వాటంతట అవే తెలుగులో వస్తాయి. అప్పుడు ఎత్తు సమస్య ముందుకొస్తుంది. ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన 24 పిక్సెళ్ల ఎత్తులో తెలుగు గుడులు, కొమ్ములు, వత్తులు ఇరుక్కుంటాయి. నేను ఒకసారి జనవరిలో ప్యానెల్ సర్దుకుని, బాగుందని మురిసి, అంతటితో వదిలేశాను. 'జనవరి'లో వత్తు లేదు మరి. నెల మారి 'ఫిబ్రవరి' రాగానే 'బ'కు కింద ఉండవలసిన రకారం సగం కోసుకుపోయి కనబడింది.

నెల మారేదాకా మీరు ఆగనక్కరలేదు. కస్టమ్ ఫార్మాట్ పెట్టెలో శాతం గుర్తులు లేకుండా ఏం రాసినా అది ఉన్నదున్నట్టుగా గడియారంలో కనబడుతుంది. అక్కడ నేరుగా 'ఫిబ్రవరి అక్టోబర్' అని రాసి చూడండి. పైన గుడి, కింద రెండు రకాల వత్తులు ఒకేసారి పరీక్షకు వస్తాయి. ఎక్కడైనా కోత పడితే రో సైజును రెండేసి పిక్సెళ్ల చొప్పున పెంచుతూ పోండి, లేదా ఫాంటును ఒక పాయింటు తగ్గించండి. 10 పాయింట్ల అక్షరాలతో ఒకే పంక్తికి నాకు 30 పిక్సెళ్లు సరిపోయాయి. తేదీ ఒక పంక్తి, సమయం ఒక పంక్తి కావాలంటే 48 కంటే తగ్గించలేకపోయాను. ఫాంటును బట్టి ఈ కొలత మారుతుంది కనుక మీ తెర మీద మీరే చూసుకోవాలి. పరీక్ష అయ్యాక పాత ఫార్మాట్ తిరిగి రాయడం మరువకండి.

విండోల మీటల మీది పేర్లకు మాత్రం ప్యానెల్‌లో ఫాంటు సెట్టింగు లేదు. అవి సెట్టింగ్స్ మేనేజర్‌లోని 'అప్పియరెన్స్', 'ఫాంట్స్' ట్యాబ్‌ను అనుసరిస్తాయి. అక్కడ మారిస్తే డెస్క్‌టాప్ అంతటా మారుతుంది.

9. లాగౌట్ చేసి సరిచూడండి

అన్నీ కుదిరాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఎత్తు, రంగు, గడియారం, ట్రేలోని గుర్తులు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయో లేదో చూడండి. ఒక విండోను పూర్తిగా పెద్దది చేసి టైటిల్ బారు కనబడుతోందో లేదో చూడండి. రెండో మానిటర్ ఉంటే తగిలించి, తీసి చూడండి. అంతా సరిగా ఉంటే ప్యానెల్ ప్రొఫైల్స్‌లో ఈ కొత్త అమరికను కూడా వేరే పేరుతో భద్రపరచండి. పాతదాన్ని చెరపకండి.

ప్యానెల్ మాయమైతే

కంగారు పడకుండా మొదట మౌస్‌ను నాలుగు అంచులకూ తీసుకెళ్లి చూడండి. 'ఆటోమేటికల్లీ హైడ్' పొరపాటున 'ఆల్వేస్' అయి ఉంటే ప్యానెల్ అంచులోంచి బయటికి వస్తుంది. రాకపోతే ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఎక్స్, ఎఫ్, సి, ఇ అనే నాలుగు చిన్న ఇంగ్లీషు అక్షరాలు, వాటిని ఆనుకుని 4 అంకె, ఆపై ఒక అడ్డగీత, ఆపై ఇంగ్లీషులో 'ప్యానెల్' అనే మాట, మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా రాసి ఎంటర్ నొక్కండి. ఆగిపోయిన ప్యానెల్ తిరిగి మొదలవుతుంది. ప్యానెల్ నడుస్తూనే ఉండి సరిగా స్పందించకపోతే, అదే ఆదేశం చివర ఒక ఖాళీ వదిలి, అడ్డగీత, చిన్న 'ఆర్' చేర్చితే అది ఆగి మళ్లీ మొదలవుతుంది. ప్యానెల్ వచ్చి అందులో వస్తువులు పోయి ఉంటే, ఆల్ట్, ఎఫ్2 తోనే ప్యానెల్ ప్రొఫైల్స్‌ను వెతికి తెరిచి, మొదటి మెట్టులో దాచినదాన్ని అప్లై చేయండి.

ప్రతిసారి లాగిన్ అయినప్పుడూ ప్యానెల్ లేకుండానే డెస్క్‌టాప్ వస్తుంటే కారణం దాదాపుగా ఒక్కటే ఉంటుంది. ప్యానెల్ ఆగిపోయి ఉన్న స్థితిలో లాగౌట్ చేస్తూ, 'సేవ్ సెషన్ ఫర్ ఫ్యూచర్ లాగిన్స్' దగ్గర టిక్కు ఉంచేశారు; ప్యానెల్ లేని డెస్క్‌టాప్‌నే మీరు కోరుకుంటున్నారని కంప్యూటర్ నమ్మింది. ప్యానెల్‌ను పైన చెప్పినట్టు మొదలుపెట్టి, సెట్టింగ్స్ మేనేజర్‌లో 'సెషన్ అండ్ స్టార్టప్' తెరిచి, దాచి ఉన్న సెషన్లను చెరిపేయండి. ఆ తరువాత లాగౌట్ చేసేటప్పుడు ఆ టిక్కు తీసి ఉంచితే, మరుసటి లాగిన్‌లో ప్యానెల్ తన చోటికి వచ్చేస్తుంది.